రెండేళ్ళ చదువు, పదేళ్ళ అప్పు



ఇవాళ మన తెలుగు కుటుంబాల్లో ఓ చెల్లెలో, కూతురో, ఆడపడుచో అమెరికాలో స్థిరపడిన ఇళ్ళు తక్కువేం కాదు. వాళ్ళ పిల్లలు అక్కడే పెరిగి, పన్నెండో తరగతి ముగించి, ఇక ఏం చదవాలా అని ఆలోచించే వయసుకు వచ్చారు. "వదినా, మా పెద్దది కమ్యూనిటీ కాలేజీలో లిబరల్ ఆర్ట్స్ చదువుతానంటోంది. అప్పు కూడా ఇస్తారట. ఏం చెయ్యమంటావు?" అని ఫోనులో అడిగితే, ఇక్కడున్న మనం రెండు రకాలుగా జవాబు చెబుతాం. "ఆర్ట్సా? అదెందుకు పనికొస్తుందమ్మా!" అని కొందరం పెదవి విరుస్తాం. "చదువు కోసమేగా అప్పు, ఫరవాలేదులే" అని కొందరం ధైర్యం చెబుతాం. రెండూ లెక్క చూడకుండా చెప్పే జవాబులే. చాకలి పద్దుకీ, పాల పద్దుకీ లెక్క రాసుకునే మనం, ఒక ఆడపిల్ల జీవితంలో పదేళ్ళపాటు వెంట వచ్చే అప్పుకు లెక్క చూడకపోతే ఎలా? ఈ రోజు ఆ లెక్కే వేద్దాం.

ముందు కమ్యూనిటీ కాలేజీ అంటే ఏమిటో తెలుసుకుందాం. ఇది మన జూనియర్ కాలేజీ వంటిది కాదు. పన్నెండో తరగతి అయిన తర్వాత చేరే రెండేళ్ళ ప్రభుత్వ కళాశాల. ఇల్లినాయ్ రాష్ట్రంలో జోలియెట్ అనే ఊళ్ళో 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైన కళాశాల ఈ కోవలో మొదటిదని పేరు. షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్, ఆ ఊరి హైస్కూలు ప్రిన్సిపాల్ స్టాన్లీ బ్రౌన్ కలిసి చేసిన ఆలోచన అది. పిల్లలు ఊరు వదలకుండా మొదటి రెండేళ్ళ చదువు అక్కడే చదివి, పై రెండేళ్ళకు విశ్వవిద్యాలయానికి వెళ్ళాలన్నది వారి ఉద్దేశం. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం ఇటువంటి కళాశాలలు దేశమంతటా రావాలని సిఫారసు చేసింది. ఇప్పుడు దాదాపు వెయ్యి ఉన్నాయి. పగలు దుకాణంలో పనిచేసి సాయంత్రం క్లాసుకు వచ్చేవారు, చంటిపిల్లల తల్లులు, నలభై దాటాక మళ్ళీ పుస్తకం పట్టినవారు, అందరూ అక్కడ కనిపిస్తారు.

ఇక్కడ రెండేళ్ళలో 60 క్రెడిట్లు పూర్తిచేస్తే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. అందులో రెండు దారులున్నాయి. నర్సింగు, దంతవైద్యశాలలో పని, యంత్రాల మరమ్మత్తు వంటివి నేరుగా ఉద్యోగంలోకి తీసుకుపోయే చదువులు. రెండో దారి లిబరల్ ఆర్ట్స్. ఇంగ్లీషు, చరిత్ర, మనస్తత్వశాస్త్రం, కొంచెం లెక్కలు, కొంచెం సైన్సు కలిపిన సామాన్య విద్య ఇది. అమెరికాలో ఏటా ఇచ్చే అసోసియేట్ డిగ్రీల్లో మూడింట ఒక వంతుకు పైగా ఈ సామాన్య విద్యవే. అంటే మన మేనకోడలు అడిగిన ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు, అక్కడ ఏటా లక్షల మందిది.

ఇక ఖర్చు సంగతి. 2024-25 విద్యా సంవత్సరంలో, సొంత జిల్లా కమ్యూనిటీ కాలేజీలో ఏడాది ఫీజు సగటున 4,050 డాలర్లు. సొంత రాష్ట్రంలోని నాలుగేళ్ళ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో 11,610. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో 43 వేల పైమాట. కాలిఫోర్నియాలో అయితే 1984కు ముందు అసలు ఫీజే లేదు. 2012 నుంచి యూనిట్‌కు 46 డాలర్లు తీసుకుంటున్నారు. అంటే 60 యూనిట్లకు 2,760 డాలర్లన్నమాట. టెనెసీ రాష్ట్రం 2014లో చట్టం చేసి, హైస్కూలు ముగించిన పిల్లలకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు లేకుండా చేసింది. ఇవి కాక, ఆదాయం తక్కువున్న కుటుంబాల పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు ఉంది. తిరిగి కట్టనక్కరలేని డబ్బది. 2024-25లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. సగటు ఫీజు కంటె ఇదే ఎక్కువ!

మరి ఫీజు ఇంత తక్కువైతే అప్పెందుకు, అని మీరడగవచ్చు. అసలు కిటుకు అక్కడే ఉంది. అప్పు చాలావరకు ఫీజు కోసం కాదు. ఇంటి అద్దె, కారులో పెట్రోలు, తిండి, పుస్తకాలు, చంటిబిడ్డను చూసుకునే మనిషికి ఇచ్చే జీతం, వీటికోసం. అమ్మానాన్నల దగ్గర ఉండి చదివే పిల్లకూ, గది అద్దెకు తీసుకుని చదివే పిల్లకూ కాలేజీ ఒక్కటే, ఫీజు ఒక్కటే, అప్పు మాత్రం వేరు. కాబట్టి "కాలేజీ ఫీజెంత?" అని అడిగి ఊరుకోకుండా, "రెండేళ్ళు ఎక్కడుంటుంది, ఎలా వెళ్ళొస్తుంది?" అని కూడా అడగాలి.

అప్పు ఇచ్చే తీరు కూడా తెలుసుకోవాలి. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి కేంద్ర ప్రభుత్వం మొదటి ఏడు 5,500, రెండో ఏడు 6,500 డాలర్ల దాకా అప్పిస్తుంది. అందులో అవసరాన్ని బట్టి కొంత భాగానికి చదువుతున్నంత కాలం వడ్డీ ప్రభుత్వమే భరిస్తుంది. మిగతా భాగానికి చేతిలో డబ్బు పడ్డ రోజు నుంచే వడ్డీ. 2024-25లో ఇచ్చిన అప్పుల మీద వడ్డీ నూటికి ఏడాదికి 6.53. అసలు 10,000 డాలర్లనుకుని పదేళ్ళలో తీర్చే పద్ధతిలో లెక్కవేస్తే నెలకు సుమారు 114 డాలర్లు కట్టాలి. పదేళ్ళకు మొత్తం 13,600 పైచిలుకు.

ఇది పెద్ద అప్పా, చిన్న అప్పా? దానికో కొలబద్ద ఉంది. 2023లో అమెరికా విద్యాశాఖ తెచ్చిన నిబంధనల్లో, ఏటా కట్టే వాయిదాలు ఏటా వచ్చే సంపాదనలో నూటికి 8 వంతులు మించకూడదన్నది ఒక పరీక్ష. మన ఇంటి లెక్కకూ ఇది పనికొస్తుంది. నెలకు 114 అంటే ఏడాదికి 1,368 డాలర్లు. ఏడాదికి 17,100 డాలర్లు సంపాదిస్తే ఈ పరీక్షలో నెగ్గినట్టే. ఈ లెక్కన చూస్తే అది కొండంత అప్పు కాదు. అదే 20,000 అప్పయితే 34,200 డాలర్ల సంపాదన కావాలి. అంటే అప్పు రెట్టింపైతే, చదువు అయీ అవగానే దొరకాల్సిన జీతం కూడా రెట్టింపు కావాలన్నమాట.

ఇక జీతాల వైపు చూద్దాం. పాతికేళ్ళు దాటి, పూర్తికాలం పనిచేసేవారిని జీతం ప్రకారం వరసగా నిలబెడితే నడిమధ్య నిలిచేవారి వారపు జీతాన్ని అక్కడి కార్మికశాఖ ఏటా ప్రకటిస్తుంది. 2023లో హైస్కూలుతో ఆగినవారికి వారానికి 899 డాలర్లు. కాలేజీలో చేరి డిగ్రీ లేకుండా వదిలేసినవారికి 992. అసోసియేట్ డిగ్రీ ఉన్నవారికి 1,058. నాలుగేళ్ళ బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవారికి 1,493.

మొదటి చూపుకు ఇది బాగానే ఉంది. హైస్కూలు కంటె అసోసియేట్ డిగ్రీకి వారానికి 159 డాలర్లు ఎక్కువ. నెలకు 114 వాయిదా ఏపాటి? కానీ ఆగండి. ఆ 1,058లో రకరకాల చదువులు కలిసిపోయి ఉన్నాయి. అసోసియేట్ డిగ్రీతోనే పళ్ళు శుభ్రంచేసే పనిలో చేరే డెంటల్ హైజీనిస్టుల నడిమి జీతం 2023లో ఏడాదికి 87 వేల డాలర్ల పైన. అలాంటివారిని, లిబరల్ ఆర్ట్స్ చదివి దుకాణంలో కూర్చున్న పిల్లను ఒకే రాశిలో పోసి కొలిస్తే వచ్చిన అంకె అది. పాలూ నీళ్ళూ కలిపి తూకం వేస్తే పాల చిక్కదనం తెలుస్తుందా? లిబరల్ ఆర్ట్స్ రెండేళ్ళ డిగ్రీకి ప్రత్యేకంగా ఎదురుచూసే ఉద్యోగమంటూ ఉండదు. ఆ కాగితం ఒక్కటే చేతపట్టుకుని వెళితే, యజమాని హైస్కూలు చదివిన పిల్లకు ఇచ్చిన పనే ఈమెకూ ఇవ్వవచ్చు. డిగ్రీవల్ల వారానికి 50 డాలర్లు పెరిగితే ఏడాదికి 2,600. వాయిదాలు పోగా 1,232 మిగులుతాయి. ఏమీ పెరగకపోతే, ఆ 1,368 ఏటా ఇంటి ఖర్చులోంచి పోవలసిందే. పైగా చదివిన రెండేళ్ళలో మానుకున్న సంపాదన కూడా ఖర్చు కిందే రాసుకోవాలి.

ఇప్పుడు మీకొక విచిత్రం చెబుతాను. పెద్ద అప్పు చేసినవాడే ఎగవేస్తాడని మనం అనుకుంటాం. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2015లో ప్రకటించిన లెక్క ప్రకారం, 2009లో చదువు వదిలినవారిలో 5,000 డాలర్ల లోపు అప్పున్నవారు నూటికి సుమారు 34 మంది బాకీ కట్టలేక చేతులెత్తేశారు. లక్షకు పైగా అప్పున్నవారిలో అలా చేసినవారు 18 మందే! ఎందుకంటారు? పెద్ద అప్పు చేసినవారిలో డాక్టర్లు, లాయర్లు ఉంటారు. వాళ్ళకు చదువూ పూర్తయింది, సంపాదనా ఉంది. చిన్న అప్పున్నవారిలో చాలామంది ఏడాదో, ఏడాదిన్నరో చదివి మధ్యలో మానుకున్నవారు. అప్పు మిగిలింది, డిగ్రీ మిగల్లేదు. 5,500 అప్పుకు నెల వాయిదా 62, 63 డాలర్లే కావచ్చు. కానీ ఎదుగూబొదుగూ లేని జీతంలో అదీ గుదిబండే.

ఆ గుదిబండ మామూలుది కాదు కూడాను. తొమ్మిది నెలలపాటు వాయిదాలు కట్టకపోతే అప్పు ఎగవేత కింద రాస్తారు. కోర్టుకు వెళ్ళకుండానే జీతంలో నూటికి 15 వంతుల దాకా యజమాని చేత పట్టించే అధికారం చట్టం ఇచ్చింది. ఆదాయపు పన్ను కింద తిరిగి రావలసిన డబ్బునూ జమకట్టుకోవచ్చు. ఐ.పి. పెట్టినా ఈ అప్పు అంత తేలికగా కొట్టివేయరు. కాబట్టి నేను భయపడేది పదివేల అప్పుకు కాదు, సగంలో ఆగిన చదువు మీది అయిదువేల అప్పుకు.

ఇంతకూ లిబరల్ ఆర్ట్స్ రెండేళ్ళ చదువుకు అసలు విలువ ఎక్కడుంది? అవతలి ఒడ్డున ఉంది. మొదట్లోనే చెప్పుకున్నాం కదా, పై రెండేళ్ళకు విశ్వవిద్యాలయానికి పంపడమే ఈ కళాశాలల తొలి ఉద్దేశమని. మొదటి రెండేళ్ళు ఇక్కడ చదివితే, పైన చెప్పిన సగటు ఫీజుల ప్రకారం ఏడాదికి 7,560 చొప్పున 15,120 డాలర్లు ఆదా. నాలుగేళ్ళ డిగ్రీ చేతికి వస్తే వారపు జీతం 1,058 దగ్గర నుంచి 1,493కు చేరుతుంది. నటుడు టామ్ హాంక్స్ కాలిఫోర్నియాలో హేవర్డ్ అనే ఊరి షాబో కాలేజీలో చదివి, ఆ తర్వాత పై కళాశాలకు వెళ్ళినవాడే. తన బతుకు ఆ కాలేజీ పెట్టిన భిక్ష అని 2015లో పత్రికలో రాసుకున్నాడు కూడా.

అయితే అవతలి ఒడ్డు చేరేది ఎందరు? కమ్యూనిటీ కాలేజీలో చేరే నూరుగురిలో 80 మంది దాకా నాలుగేళ్ళ డిగ్రీ కావాలనే చేరతారు. 2015లో చేరినవారిని ఆరేళ్ళు గమనిస్తే, విశ్వవిద్యాలయానికి మారినవారు నూటికి 33 మందే. అందులో బ్యాచిలర్ డిగ్రీ చేతపట్టుకున్నవారు 16 మంది. ఎనభైమంది పడవెక్కితే ఒడ్డున దిగింది పదహారుగురన్నమాట.

వీళ్ళందరూ తెలివి తక్కువవారా? కానే కాదు. దారిలో చిక్కులున్నాయి. ఒకటి, చదివిన పాఠాలు పై కళాశాల ఒప్పుకోకపోవడం. ఒక కాలేజీ నుంచి మరొక కాలేజీకి మారినవారు సగటున నూటికి 43 క్రెడిట్లు పోగొట్టుకున్నారని 2017లో అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూసే సంస్థ చెప్పింది. రెండు, చేరగానే లెక్కల్లో, ఇంగ్లీషులో వెనకబడ్డారని చెప్పి, డిగ్రీకి లెక్కకురాని పాఠాలు ముందు చదివించడం. వాటికీ ఫీజుంటుంది, అప్పూ అవుతుంది. మూడు, పనిచేస్తూ సగం సగం పాఠాలు తీసుకోవడం. రెండేళ్ళ చదువు నాలుగేళ్ళకు సాగుతుంది. పెల్ గ్రాంటుకు కూడా జీవితకాలం మొత్తానికి 12 సెమిస్టర్ల పరిమితి ఉంది. సగం పాఠాలు తీసుకుంటే అందులో సగమే ఖర్చు రాస్తారు గానీ, పాఠాలు వృథా అయితే పై రెండేళ్ళకు ఆ డబ్బు మిగలకపోవచ్చు.

కొన్ని రాష్ట్రాలు ఈ చిక్కులు విప్పడానికి పూనుకున్నాయి. కాలిఫోర్నియా 2010లో చేసిన చట్టం ప్రకారం, బదిలీ కోసమే ఉద్దేశించిన అసోసియేట్ డిగ్రీ పూర్తిచేసినవారికి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో చోటు ఖాయం. ఫ్లోరిడాలో ప్రభుత్వ కాలేజీలన్నిటికీ పాఠాల నంబర్లు ఒకటే. కాబట్టి ఉత్త లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ వేరు, బదిలీ ఒప్పందం ఉన్న డిగ్రీ వేరు. పేరు ఒకేలా వినిపించినా రెంటికీ విలువలో ఎంతో తేడా ఉంది.

కొత్తగా మరో మార్పు వచ్చింది. 2025 జూలైలో అయిన చట్టం ప్రకారం, ఒక కోర్సు పూర్తిచేసినవారి నడిమి సంపాదన నాలుగేళ్ళ తర్వాత కూడా ఆ రాష్ట్రంలో హైస్కూలుతో ఆగిన పాతిక నుంచి ముప్పైనాలుగేళ్ళ వయసువారి సంపాదన కంటె తక్కువగా ఉంటే, మూడేళ్ళలో రెండేళ్ళు అలా జరిగితే, ఆ కోర్సుకు కేంద్రప్రభుత్వ అప్పులు ఆపేస్తారు. ఈ నియమం 2026 జూలై నుంచి వర్తించేలా పెట్టారు. చేరబోయే ముందు ఆ కోర్సు ఈ పరీక్షకు నిలుస్తుందా అని కాలేజీనే అడగడం మంచిది. విద్యాశాఖవారి కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో 2019 నుంచి ఒక్కొక్క కాలేజీలో ఒక్కొక్క కోర్సుకు సంపాదన ఎంత, అప్పు ఎంత అన్నది విడివిడిగా చూపుతున్నారు. ప్రభుత్వ సహాయం తీసుకున్న విద్యార్థుల లెక్కే అందులో ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

మన తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాటలు రెండున్నాయి. తండ్రి హెచ్-1బి వీసా మీద, పిల్లలు హెచ్-4 మీద ఉన్న కుటుంబాలు మనవాళ్ళలో ఎన్నో. ఆ పిల్లలకు పెల్ గ్రాంటూ లేదు, కేంద్రప్రభుత్వ అప్పూ లేదు. పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవారికీ, చట్టం పేర్కొన్న మరికొందరికీ మాత్రమే అవి. ఇరవైఒకటో ఏట హెచ్-4 హోదా కూడా ముగుస్తుంది. విద్యార్థి వీసాకు మారితే ఊరివారి ఫీజు పోయి, బయటివారి ఫీజు పడవచ్చు. ఇది ముందే చూసుకోవాలి. రెండోది ప్రైవేటు అప్పు. ప్రభుత్వ అప్పుకు జామీను అక్కరలేదు. ప్రైవేటు అప్పుకు సాధారణంగా ఒకరు జామీను సంతకం పెట్టాలి. మేనమామో, బాబాయో మొహమాటానికి పోయి పెట్టిన సంతకం, పిల్ల కట్టలేకపోతే ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఆ మొహమాటంతో చుట్టరికాలు చెడిపోకూడదు.

ఇంతసేపూ డబ్బు లెక్కే చెప్పాను. కోటి విద్యలూ కూటి కొరకేనని మనవాళ్ళన్నారు, నిజమే. కానీ పదో తరగతితో చదువు ఆగినదాన్ని, చదువు విలువను జీతంతోనే కొలవడానికి నాకు మనసొప్పదు. చరిత్ర చదివిన పిల్లకు నాయకుడి ఉపన్యాసంలో నిజమెంతో, బుకాయింపెంతో తెలుస్తుంది. నాలుగు వాక్యాలు తిన్నగా రాయగలిగిన పిల్ల ఏ ఆఫీసులోనైనా ఒక మెట్టు పైకి ఎక్కుతుంది. అందుచేత "ఆర్ట్సు వద్దు" అని నేననను. చదువు మీద ఇష్టంతో చేరినవారే మధ్యలో మానకుండా ముగిస్తారు. అయితే ఆ ఇష్టం నిలవాలంటే నెత్తిమీద బరువు తక్కువగా ఉండాలి. వాయిదాల భయంతో రాత్రి షిఫ్టు కూడా ఒప్పుకున్న పిల్ల, పొద్దున చరిత్ర పాఠం ఏం వింటుంది?

కాబట్టి ఈసారి మీ చెల్లెలో, ఆడపడుచో ఫోను చేసి అడిగితే, వెంటనే సరేననకండి, వద్దనీ అనకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. పిల్ల రెండేళ్ళు ఇంటిపట్టున ఉండి చదవగలదా? పై రెండేళ్ళకు ఏ విశ్వవిద్యాలయానికి వెళ్ళాలనుకుంటోంది, ఈ పాఠాలన్నీ లెక్కలోకి తీసుకుంటామని ఆ విశ్వవిద్యాలయమే కాగితం మీద చెప్పిందా? ఏడాదికి 30 క్రెడిట్లు పూర్తిచేసేటంత తీరిక ఆమెకుందా? ఇస్తామన్నంత అప్పూ కాకుండా, చదువుకు నిజంగా కావలసినంతే తీసుకుంటోందా? ఈ నాలుగింటికీ అవునని జవాబు వస్తే నిశ్చింతగా దీవించండి. రెండింటికి కాదని వస్తే, అప్పు లేకుండా ఒక్క సెమిస్టరు చదివి చూడమనండి. ఆ తర్వాత నిలదొక్కుకోగలనని పిల్లకే నమ్మకం కుదిరితే అప్పుడు సంతకం పెట్టవచ్చు.

పద్దెనిమిదేళ్ళ పిల్ల చేత అప్పు కాగితం మీద సంతకం పెట్టించడం ఎంతసేపు? తీర్చేసరికి ఆమెకు ముప్పై దాటుతుంది. ఈ లోగా పెళ్ళి, పిల్లలు, ఇల్లు, అన్నీ ఆ పదేళ్ళలోనే రావాలి. ఆ సంతకానికి ముందు, ఈ లెక్కను ఒక్క గంటసేపు ఆమె పక్కన కూర్చుని వేసి చూపించే పెద్దదిక్కు ఎవరో ఒకరు ఉండాలి. అమ్మకు తీరిక లేకపోతే ఆ పని మనం చేద్దాం. సెలవు.